క్రేను మీది గాలి

ఆ ఎండాకాలం మా సైటు మీద ఒక గాలి వీచేది. అది నాకొక్కడికే తెలిసేది. కింద సిమెంటు బస్తాల మీద కప్పిన పరదా కదిలేది కాదు, ఆరేసిన చొక్కా కదిలేది కాదు, ఉక్కపోతకు జనం ఉసూరుమంటూ ఉండేవారు. నేను మాత్రం పైన టవర్ క్రేను కేబిన్‌లో కూర్చుని రేడియో నొక్కి, "గాలి ఎక్కువైంది, కాసేపు ఆపుతున్నా" అనేవాణ్ణి.

క్రేను ఆపరేటరు గాలి అన్నాడంటే ఇక ఎవరూ మారు మాట్లాడకూడదు. మా పనిలో అది పద్ధతి. మేస్త్రీ అయినా, ఇంజనీరయినా, కట్టించే ఆసామి అయినా, పైనున్నవాడి మాటే మాట. కేబిన్‌లో గాలి కొలిచే మీటరు ఒకటుండేది గానీ అది ఎప్పుడో పాడై, ముల్లు ఒక మూలకు ఒరిగి నిద్రపోతోంది. కాబట్టి గాలి ఉందో లేదో తేల్చేది నేనొక్కణ్ణే. ఆ పద్ధతిని నేను నా పేగు కోసం వాడుకున్నాను.

నాకు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర పుండుపడి రక్తం కారే జబ్బు. దాని సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అది పిలిస్తే వెళ్ళాలి. ఉండు వస్తున్నా అంటే వినదు. కేబిన్ నుంచి నేల దాకా నిచ్చెనలు, నేల మీది నుంచి సైటు చివర రేకుల మరుగుదొడ్డి దాకా ఇటుకలూ ఇనుమూ దాటుకుంటూ నడక. ఆ దూరం ఆరోగ్యవంతుడికి చిన్నది. నాకు ప్రతిసారీ పందెం. కొన్నిసార్లు ఓడిపోయాను కూడా. అందుకే కేబిన్‌లో సీటు వెనక సంచిలో ఇంకో ప్యాంటు ఎప్పుడూ ఉండేది.

ఒక్క కట్టుబాటు మాత్రం తప్పలేదు. కొక్కేనికి బరువు వేలాడుతుండగా నేను సీటు వదల్లేదు. కడుపు మొదటి మెలి పెట్టగానే, ఎంత ప్రాణం మీదికొచ్చినా సరే, బరువు నేల మీద పెట్టి, కొక్కెం పైకి లాగి, అప్పుడే లేచేవాణ్ణి. ఆ కట్టుబాటు తప్పిన రోజున నన్నెవరూ దింపక్కర్లేదు, నేనే దిగిపోతాను అనుకున్నాను.

సైటులో ఈ గుట్టు తెలిసిన మనిషి ఒక్కడే. కింద నిలబడి బరువు ఎటు తిప్పాలో, ఎక్కడ దించాలో నాకు సైగలిచ్చే సిగ్నల్‌మ్యాన్. రేడియోలు రాకముందు ఈలతోనే క్రేన్లు నడిపించాడట, అందుకని అందరూ ఈలన్న అనేవారు. నేను గాలి అనగానే ఆయన కింద చెమట తుడుచుకుంటూ, "అవునవును, ఇక్కడా దుమ్ము లేస్తోంది" అని వంత పాడేవాడు. నేను నిచ్చెన దిగేలోగా దొడ్డి ముందు ఎవరూ లేకుండా చూసేవాడు.

వేసవి మొదట్లో పేగు డాక్టరు ఒక కొత్త మాత్ర రాశారు. పేగును అదుపులో పెడుతుందని, కొందరికి మాత్రం అస్సలు పడదని, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే ఆలోచించకుండా రమ్మని చెప్పారు. కొన్నాళ్ళు హాయిగా గడిచింది. "ఏం తమ్ముడూ, వాతావరణం బాగుందే" అన్నాడు ఈలన్న రేడియోలో.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నాను. బొడ్డుకు పైన మేకు దిగ్గొట్టి వీపులోంచి లాగుతున్నట్టు నొప్పి మొదలైంది. కొలైటిస్ నొప్పి నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. మోకాళ్ళు పొట్టకు హత్తుకుని నేల మీద ముడుచుకుపోయాను. తిన్నదంతా వాంతి అయింది. మా ఆవిడ కుట్టు మిషను మీద ఉన్న బట్ట అలాగే వదిలేసి లేచి వచ్చింది. బళ్ళు తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి, ఎండాకాలమే తనకు పని ఎక్కువ. ఇంటి పనికి సాయంగా వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, అప్పుడు మా దగ్గరే ఉంటున్నారు.

అత్యవసర విభాగంలో ఉన్న కుర్ర డాక్టరు నా పొట్ట నొక్కి చూసి, రక్తం తీయించి, రిపోర్టు రాగానే నా వైపు తిరిగాడు.

"తాగుతారా?"

"లేదండీ."

"రోజూనా, అప్పుడప్పుడా?"

"అసలు తాగనండీ."

అతను తలాడించాడు. ఆ మాట రోజుకు ఎంతమంది దగ్గర వింటాడో ఏమో. తర్వాత బయటికి వెళ్ళి, తెర అవతల నిలబడ్డ మా అత్తయ్యతో, "పాంక్రియాటైటిస్ అమ్మా. క్లోమం వాచింది. తాగుడు ఉంటే వెంటనే మానిపించండి" అన్నాడు.

ఆ పేరు ఆవిడకు కొత్త కాదు. మా మామగారు తాగి తాగి ఆ పేరుతోనే పోయారు. ఆయన ఎన్ని ఒట్లు వేశారో, ఎన్నింటిని గట్టు మీద పెట్టారో ఆవిడకే తెలుసు. కూతురికి సంబంధం చూస్తున్నప్పుడు ఆవిడ నా చదువు అడగలేదు, జీతం అడగలేదు. అబ్బాయి తాగుతాడా అన్నది ఒక్కటే అడిగారు. ఇప్పుడు ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు చూస్తున్నారు. సెలైన్ ఎక్కుతున్న మంచం మీది నుంచి ఆ ముఖం చూశాను. ఆ నొప్పిలో కూడా అది చూసి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పేగు డాక్టరు వచ్చి అసలు సంగతి తేల్చారు. ఆ మాత్రే క్లోమాన్ని వాపెక్కించిందని, ఇక జన్మలో అది ముట్టుకోవద్దని చెప్పారు. అప్పుడు మా ఆవిడ ఒక్కతే ఉంది. ఇంటికెళ్ళి తల్లితో, "ఏదో మాత్ర పడక వచ్చిందంటమ్మా" అంది.

"ఏ మాత్ర? దేనికి వేసుకున్న మాత్ర?"

మా ఆవిడ వెళ్ళి మిషను ముందు కూర్చుంది. పేగు సంగతి అత్తయ్య దగ్గర ఎత్తవద్దని పెళ్ళయిన కొత్తలోనే నేను ఒట్టు వేయించుకున్నాను.

"మీ నాన్నకూ ఎప్పుడూ ఏదో ఒక కారణం ఉండేది" అన్నారట ఆవిడ.

ఇంటికొచ్చాక నా బతుకు వింతగా తయారైంది. కొత్త మాత్ర ఆపేశారు కాబట్టి పేగు మళ్ళీ మొదలెట్టింది. క్లోమం ఇంకా పచ్చిపుండులానే ఉంది. రెండూ ఒకే ఇంట్లో ఎడమొగం పెడమొగంగా ఉండే తోడికోడళ్ళు. ఒకామె నూనె చుక్క తగలనివ్వదు. ఇంకొకామె తొక్కలూ గింజలూ పీచూ గడప దాటనివ్వదు. ఇద్దరికీ పడేది మెత్తగా ఉడికిన అన్నం, తొక్క తీసిన బంగాళాదుంప, గుడ్డులో తెల్లసొన, మీగడ తీసిన పెరుగు. అది కూడా కొంచెం కొంచెంగా.

అత్తయ్యకు తెలిసింది మొదటామె అయిన క్లోమం సంగతే. అందుకని ఆవిడ ఇంట్లో నూనె డబ్బా కనపడకుండా దాచి, పచ్చి కూరగాయ ముక్కలూ, మొలకెత్తిన గింజలూ, తొక్కతో సహా పళ్ళూ పెట్టేవారు. "నూనె లేదు బాబూ, భయం లేకుండా తినండి" అని ఎదురుగా కూర్చునేవారు. కాదంటే ఏమని చెప్పాలి? తినేవాణ్ణి. తర్వాత బాత్రూంలో పళ్ళు కరుచుకుని కూర్చునేవాణ్ణి. బయట ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించేది. లోపల ఏం దాచుకు తాగుతున్నానో అని చూస్తున్నారన్నమాట.

మళ్ళీ పనిలో చేరాక ఇంకొకటి మొదలైంది. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే, "బాబూ, ఈ సూదిలో కాస్త దారం ఎక్కించి పెట్టండి, నాకు ఆనడం లేదు" అని దగ్గరగా వచ్చి నిలబడేవారు. నేను సూది కంటికి ఎత్తిపట్టుకుంటే, ఆవిడ నా నోటి దగ్గరికి ముఖం తెచ్చి గాలి పీల్చేవారు. ఇంట్లో కుట్టుపని చేసే కూతురుండగా సూదికి నేనెందుకో నాకు మొదటిరోజే అర్థమైంది. అయినా రోజూ ఎక్కించాను. దారం మీదికి ఊపిరి కూడా గట్టిగానే వదిలాను.

"చెప్పేయండి" అంది మా ఆవిడ ఒక పొద్దున, నా డబ్బాలో మొలకలు చూసి.

"ఏమని చెప్పను? అత్తయ్యా, నాకు రక్తంతో విరేచనాలవుతాయి అనా?"

"అవును. అదే మాట. ఆవిడకు తెలిసిన భాషలోనే ఉంది కదా."

"ముఖం ఎలా చూపించను?"

"ఇప్పుడు తాగుబోతు ముఖం చూపిస్తున్నారు. అది బాగుందా?"

నాకు కోపం వచ్చింది. తను చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. డబ్బా పుచ్చుకుని వెళ్ళిపోయాను. సైటులో ఆ డబ్బా రోజూ ఈలన్నకే ఇచ్చేవాణ్ణి. ఆయన ఆ మొలకలు నములుతూ, "మీ అత్తగారు నన్ను పహిల్వాన్ని చేస్తుంది తమ్ముడూ" అనేవాడు.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు సైటులో ఒక మంచి పని జరిగింది. మా ఇంజనీరు మేడం, చిన్న వయసే గానీ పని దగ్గర చాలా నిక్కచ్చి మనిషి, గాలి గురించి నేను పడే బాధ చూడలేక కొత్త మీటరు బిగించారు. నా కేబిన్‌లో ఒక తెర, కింద ఆవిడ ఆఫీసులో ఒక తెర. "ఇక మీరు గాలిని ఊహించాల్సిన పని లేదు ఆపరేటర్ గారూ" అన్నారు. నేను థాంక్స్ చెప్పాను. ఆ తర్వాత తాడు చూడాలని ఒకసారి, గ్రీజు పెట్టాలని ఒకసారి వేరే సాకులు చెప్పి దిగాల్సి వచ్చింది.

వర్షాలు పడేలోగా పై అంతస్తు కప్పు పోయాలి. రోజంతా ఇనుము ఎత్తడమే. నా బదులు వచ్చిన ఆపరేటరు ఉన్నన్నాళ్ళూ ఈ సైటు మీద గాలే లేదని మేస్త్రీ పసిగట్టాడు. ఆపరేటరుకు వచ్చింది తాగుబోతుల రోగమని ఎవరి ద్వారానో విన్నాడు. రెండూ కలిపి చూసుకున్నాడు. తప్పేముంది, బయటినుంచి చూస్తే నేను కూడా అలాగే కలుపుకునేవాణ్ణి.

మా ఆవిడతో గొడవపడి వచ్చిన ఆ రోజు ఎండ మండుతోంది. ఇనుప చువ్వల మోపు పైకి తీసుకెళ్తుండగా కడుపు మెలి పెట్టింది. మోపును పై అంతస్తులో పెట్టాను. అక్కడివాళ్ళు మోపుకు కట్టిన బెల్టులు విప్పేదాకా ఆగాను. కొక్కెం లాగాను. చెమటలు కారిపోతున్నాయి. అలవాటు కొద్దీ రేడియో నొక్కి, "గాలి ఎక్కువైంది, ఆపుతున్నా" అన్నాను.

ఈలన్న దుమ్ము గురించి ఏదో అనబోయాడు. ఈలోగా మేడం గొంతు వచ్చింది.

"ఆపరేటర్ గారూ, మీటరు సున్నా చూపిస్తోంది. ఎందుకు దిగుతున్నారు?"

"గాలి బయట లేదు మేడం, సీసాలో ఉంది" అన్నాడు మేస్త్రీ. ఎవరో నవ్వారు. సైటులో పదిమంది చేతుల్లో రేడియోలున్నాయి, అన్నీ ఒకటే చానెల్.

తలుపు తీసి నిచ్చెన మీద ఒక కాలు పెట్టి ఉన్నాను. దిగిపోవచ్చు. తర్వాత ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. అయితే ఆ నవ్వు వినగానే నాకు సిగ్గు కాదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఇంత నొప్పి ఓర్చుకుని, ఒక్క బరువు కూడా వంకరగా దించని మనిషిని నేను. సిగ్గుపడాల్సినంత పని నేనేం చేశాను?

"గాలి కాదు మేడం" అన్నాను. "నాకు పేగు జబ్బు. పెద్దపేగులో పుండ్లు, రక్తం పోతుంది, వచ్చినప్పుడు ఆగదు. దానికి వేసుకున్న మాత్ర పడక క్లోమం వాచింది. తాగి కాదు. నేను పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. బరువు దించాను, కొక్కెం ఖాళీగా ఉంది. ఇప్పుడు దొడ్డికి వెళ్తున్నాను. మిగతాది వచ్చాక చెప్తాను."

 ఈలన్న గొంతు మామూలుగా వచ్చింది. "దారి ఖాళీగా ఉంది తమ్ముడూ. దిగు."

ఆ రోజు పందెం నెగ్గాను. మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి గేటు పక్కన ఈలన్నతో పాటు మా అత్తయ్య నిలబడి ఉన్నారు. చేతిలో నా అన్నం డబ్బా. పొద్దున కోపంలో దాన్ని బస్టాపులో మరిచిపోయానేమో అనుకున్నాను గానీ, నా డబ్బా కేబిన్‌లోనే ఉంది. ఇది ఇంకొకటి. మధ్యాహ్నం వేళ ఎవరితో కూర్చుని తాగుతున్నానో చూడ్డానికి డబ్బా వంకన వచ్చారు. ఈలన్న నడుముకున్న రేడియోలో అంతా విన్నారు.

నేను దగ్గరికి వెళ్ళాను.  ఆవిడ డబ్బా మూత తీసి లోపలికి చూశారు. మొలకెత్తిన గింజలూ, తొక్కతో కోసిన పళ్ళూ. మూత పెట్టి దాన్ని ఈలన్న చేతికిచ్చారు.

"ఇది మీరు తినండి నాయనా" అన్నారు. తర్వాత నా వైపు చూడకుండా, "మీరు పని చూసుకుని ఇంటికి రండి బాబూ" అని వెళ్ళిపోయారు.

మేడం ఆఫీసంటే ఒక ఇనుప డబ్బా గది. నన్ను కూర్చోమన్నారు. కొత్త మీటరు తెర ఆవిడ వెనక వెలుగుతోంది, ఇంకా సున్నాయే.

"అది మీ కోసమే పెట్టించాను" అన్నారు.

"తెలుసు మేడం. అదే నా ప్రాణానికొచ్చింది."

ఆవిడ నవ్వలేదు. "స్టోర్స్‌లో కూర్చుంటారా? జీతంలో తేడా రాకుండా చూస్తాను. అక్కడ కుర్చీ పని."

"నాదీ కుర్చీ పనే మేడం. కాస్త ఎత్తులో ఉంది."

"నాకు మీ కింద పనిచేసే అందరి ప్రాణాలూ ముఖ్యం."

"నాకూ అంతే. నేను బరువు గాల్లో వదిలేసి లేచానని ఎవరినైనా చెప్పమనండి, ఈ క్షణమే మానేస్తాను. పైపొట్ట నొప్పి మొదలైందనుకోండి, బరువు దించి, మీకు చెప్పి, కదలకుండా కూర్చుంటాను. మీరు మనిషిని పైకి పంపాలి. పేగుకు ఇప్పుడు మాత్ర కాదు, సెలైన్‌లో ఎక్కించే ఇంజెక్షను మొదలుపెడుతున్నారు. అది ఎక్కించే రోజుల్లో నా బదులు మనిషి కావాలి. పని చేయొచ్చని డాక్టరు దగ్గర రాయించుకొస్తాను, రాయకపోతే ఎక్కను. ఇక మిగిలింది ఒక్కటే."

"ఏమిటి?"

"క్రేను స్తంభాన్ని బిల్డింగుకు కట్టిన అంతస్తు ఉంది కదా. అక్కడ నాకొక గది కావాలి. గొళ్ళెం ఉండాలి. నిచ్చెన సగం దిగితే చాలు, నేను చేరుకుంటాను."

ఆవిడ కాగితం తీసి రాసుకున్నారు. "డాక్టరు సరేనంటే తెప్పిస్తాను. అప్పటిదాకా మీ బదులు మనిషే ఎక్కుతాడు" అన్నారు. అది న్యాయమే, ఒప్పుకున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో ఆగాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చారు. నేను అలవాటుగా చెయ్యి చాపాను, సూది కోసం. ఆవిడ చేతిలో సూది లేదు.

"బాత్రూంలో లైటు వేసి ఉంచాను బాబూ" అన్నారు. "గొళ్ళెం వదులుగా ఉంటే బిగించాను. ముందు అటు వెళ్ళి రండి. అన్నం మెత్తగా వండాను. దుంపలకు తొక్క తీయాలంట కదా, అమ్మాయి చెప్పింది."

నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను. బయట ఆవిడ చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళిపోయింది.

డాక్టరు వెంటనే రాయలేదు. ఇంజెక్షను ఎక్కాక, క్లోమం రిపోర్టులు సరిగ్గా వచ్చాక చూద్దామన్నారు. నేను మెత్తటి అన్నం తిని, నడిచి, నిద్రపోయి, మళ్ళీ రక్తం ఇచ్చి, మొండిగా ఎదురుచూశాను. చివరికి రాశారు. మబ్బులు పట్టే రోజుల్లో మళ్ళీ కేబిన్ ఎక్కాను.

నా మొదటి బరువు సిమెంటు కాదు, ఇనుమూ కాదు. నీలం రంగు ప్లాస్టిక్ మరుగుదొడ్డి. లారీ మీద నిటారుగా నిలబడి ఉంది. దానికి బెల్టులు కట్టింది మేస్త్రీ. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, నాలుగు మూలలూ తనే లాగి చూశాడు. క్షమించమని అనలేదు, నేనూ అడగలేదు. ఈలన్న కొత్త చొక్కా వేసుకొచ్చినట్టున్నాడు. సైగలు మాత్రం ఏదో యంత్రం ఎత్తిస్తున్నంత గంభీరంగా ఇస్తున్నాడు. పనివాళ్ళంతా మెడలు పైకెత్తి చూస్తున్నారు. గేటు దగ్గర అత్తయ్య కూడా ఉన్నారు, డబ్బాతో.

అది సగం ఎత్తుకు వచ్చేసరికి కేబిన్ అద్దం గలగలమంది. సిమెంటు మీది పరదా ఒక్కసారిగా ఉబ్బింది. కొక్కేనికి వేలాడుతున్న నీలం గది మెల్లగా తిరగడం మొదలెట్టింది. నేను రేడియో నొక్కాను.

"గాలి వచ్చింది మేడం. ఆపుతున్నా."

అనేశాక నాకే గుర్తొచ్చింది, ఆ మాట నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో. మీటరు చూసి చెబుతారని ఎదురుచూశాను. ఎవరైనా నవ్వుతారేమోనని కూడా చూశాను.

"ఆపండి" అన్నారు మేడం. అప్పుడావిడ ఆఫీసులో తెర ముందు లేరు. కింద, ఈలన్న పక్కన, దుమ్ముకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. "మీరు ఎప్పుడంటే అప్పుడే దించుదాం."

రేడియోలో కాస్త గరగర వినిపించింది. ఎవరో ఈలన్న చేతిలోంచి దాన్ని తీసుకున్నారు. ఏ మీట నొక్కాలో ఆయన చెబుతున్నాడు.

"బాబూ, నేను" అన్నారు అత్తయ్య, సైటంతా వినేలా. "తొందరేం లేదు. గాలి తగ్గాకే దించండి. నేను ఇక్కడే ఉంటాను."

"అలాగే అత్తయ్యా" అన్నాను.

గాలి తగ్గేదాకా అందరం ఆగాం.